రిలీజు పుస్తకంలో పద్నాలుగో మెట్టు

రెండు వారాలకో బుధవారం, పొద్దున పదకొండు గంటలకు, అక్క చేతి గాజులు మోచేతి దాకా పైకి తోసుకుని కుర్చీ ముందుకు లాక్కునేది. అది చూడగానే మా ఆఫీసులో అందరూ గొంతు తగ్గించేవాళ్లు. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే తల తిప్పకుండా ఎడమ చెయ్యి పైకెత్తి అలాగే ఉంచేది. మాట్లాడొద్దని అర్థం. ఒకసారి మా సారే పలకరించబోయి ఆ చెయ్యి చూసి వెనక్కి తిరిగిపోయారు.

అక్క అంటే నాకు తోడబుట్టింది కాదు. ఆఫీసులో నాకంటే పదేళ్లు పెద్దది. ఆమెది కుప్పం. నాది తెనాలి వైపు. పెళ్లయి పుంగనూరు దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చాను, నాలుగేళ్ల కిందట మదనపల్లెలో ఈ ఉద్యోగంలో చేరాను. చేరిన రోజు నేను "ఏమండీ" అని పిలిస్తే, "ఏమండీ అంటే మా ఆయన్ని పిలిచినట్టుండాది. అక్కా అను, సాలు" అంది. అప్పటినుంచి అక్కే.

మా ఆఫీసు ఒక ఎరువుల అంగడి పైన ఉంటుంది. మేం చేసేది పాల సెంటర్లకు సాఫ్ట్‌వేరు. పల్లెల్లో పొద్దునా సాయంత్రం క్యాన్లు పట్టుకుని వచ్చి పాలు పోస్తారు. ఎన్ని లీటర్లు, వెన్న ఎంత అన్నది మిషన్లు చూసి కంప్యూటరుకు చెబుతాయి, కంప్యూటరు చీటీ తీస్తుంది. ఆ చీటీ తీసే ప్రోగ్రాం మాది. పుంగనూరు చుట్టుపక్కల, సోమల, నిమ్మనపల్లె, అటు కుప్పం దాకా మా ప్రోగ్రామే. దాంట్లో ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాం. మార్చినవన్నీ కలిపి, సెంటర్లలో పనిచేసే ఒకే మూటగా కట్టడాన్ని బిల్డు అంటాం. ఆ మూటను మా సర్వరులో పెడితే సెంటర్లన్నీ అక్కడినుంచి దించుకుంటాయి. అది రిలీజు. పొద్దుటి పాలు అయిపోయాక, సాయంత్రం పాలు మొదలయ్యేలోపు ముగించాలి. అందుకే పదకొండు గంటలు.

ఆ పని మొత్తం అక్క చేత్తో చేసేది. ఆమె దగ్గర నీలం అట్ట నోటుబుక్కు ఉండేది. దానికి మేం పెట్టిన పేరు రిలీజు పుస్తకం. అందులో ఇరవైమూడు మెట్లు, ఒక్కో మెట్టు ఒక్కో లైను, అన్నీ తెలుగులో, అదీ ఆమె మాట్లాడే తెలుగులో. మూడోది, "నెంబరు మార్సు, మార్సినాక ఇంగొక తూరి సూడు." తొమ్మిదోది, "ఈడ తొందరపడొద్దు." కంప్యూటరుకు సంబంధించిన పుస్తకంలో తొందరపడొద్దని రాసి ఉండటం నేనింకెక్కడా చూడలేదు. తొమ్మిదేళ్లలో ఆమె ఒక్క రిలీజు మానలేదు. సొంత తమ్ముడి పెళ్లికి ముహూర్తం బుధవారం పడితే, పట్టుచీర కట్టుకుని ఆఫీసుకొచ్చి మెట్లన్నీ పూర్తిచేసి, తలంబ్రాలకు మాత్రం అందుకుంది.

ఇదంతా విని ఆమెను మెచ్చుకునేవాళ్లే గానీ, దానికి ఆమె ఏం వదులుకుంటోందో ఎవరూ అడగలేదు. భర్త, అత్తగారు, కూతురు కుప్పంలో. ఈమె మదనపల్లెలో ఒక హాస్టల్ గదిలో. శనివారం మధ్యాహ్నం బస్సెక్కితే ఇంటికి చేరేసరికి పొద్దుపోతుంది. ఆదివారం ఒక్కరోజు తల్లి. సోమవారం తెల్లవారగానే మళ్లీ బస్సు. మిగతా పనంతా ఆమె కుప్పంలో కూర్చునే చేయగలదు, ఒక్క రిలీజే కుదరదు. ఆ సర్వరును బయటినుంచి ముట్టుకోకూడదని పాల కంపెనీ వాళ్ల షరతు. ఆ గదిలో, ఆ కుర్చీలో కూర్చుని చేయాల్సిందే. ఆమె చెయ్యి పడాల్సిందే.

మొన్న ఫిబ్రవరిలో సారు మమ్మల్నిద్దరినీ పిలిచారు. అక్క కూతురు జూన్‌లో ఆరో తరగతికి వస్తుంది, కొత్త బడి. "బడి తెరిచేలోపల రిలీజు ఎవరైనా చేసేటట్టు అయితే, నువ్వు కుప్పం నుంచే పని చేసుకోమ్మా. కాకపోతే నా చేతిలో ఏమీ లేదు" అన్నారు ఆమెతో. నావైపు తిరిగి, "మెట్లన్నీ మిషనే ఎక్కేటట్టు స్క్రిప్టు రాయి. దేంట్లో రాస్తావో నీ ఇష్టం" అన్నారు. బయటికి రాగానే అక్క నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు గట్టిగా నొక్కింది.

నాకు సంతోషమే. కానీ నిజం చెప్పాలంటే సంతోషం వెనకాలే బెంగా పట్టుకుంది. మదనపల్లెలో నాకున్న మనిషి ఆమె ఒక్కతే. మధ్యాహ్నం ఒకరి డబ్బాలో ఒకరం చెయ్యి పెట్టి తినేవాళ్లం. శనివారాలు పుంగనూరు దాకా ఒకే బస్సు, ఒకే సీటు. అత్తగారింట్లో కొత్తలో నాకు ఏడుపొచ్చినప్పుడల్లా, "ఏడస్తే ఏడువు, కానీ బిరిన ఏడ్సి రా, టీ సల్లారిపోతాండాది" అనేది. ఆమె వెళ్లిపోవడానికి దారి నా చేత్తోనే వేయమన్నారు సారు.

దేంట్లో రాయాలన్నది తేల్చడానికి నాకు నెల పట్టింది. మామూలుగా అయితే రెండు రోజుల పని. స్క్రిప్టంటే కంప్యూటరుకు వరసగా చెప్పిపెట్టే పనుల జాబితానే. ఏ భాషలో చెప్పాలన్నదే ప్రశ్న. మా ముందు మూడు దారులున్నాయి. ఒకటి బ్యాచ్ ఫైలు, పాతకాలం సరుకు, ఆఫీసులో అందరికీ అంతో ఇంతో వచ్చు. రెండోది పవర్‌షెల్, దాని తర్వాత తరానిది, సర్వరులో ముందే ఉంటుంది. మూడోది పైథాన్, అదంటే నాకు ప్రాణం. నేను పెద్ద పట్టిక గీశాను. వేగం, సౌకర్యం, రేపటి అవసరాలు, ఎల్లుండి అవసరాలు. గడులకు రంగులు కూడా వేశాను. సారుకు చూపిస్తే, "బాగుంది. స్క్రిప్టు ఏది?" అన్నారు.

అక్క పట్టిక వైపు చూడనైనా చూడలేదు. "నాకి వచ్చిన బ్యాచీలోనే రాయమ్మా. నేను సదివి తప్పుంటే సెప్తాను" అంది.

"బ్యాచ్ ఫైలా! ఈ రోజుల్లో అది ఎవరు వాడతారక్కా?" అన్నాను.

"మనం వాడతాం. రేపు రిలీజు సేసేది టెస్టింగు సూసే ఆయప్ప. ఆయప్పకి పైథాను రాదు. యాడైనా అడ్డం పడితే ఏం సేస్తాడు?"

నాకు ముక్కు మీద కోపం. "నువ్వు పోయేదానివే కదా. తర్వాత చదువుకోవాల్సింది నేను. నాకు నచ్చినదాంట్లో రాస్తాను" అనేశాను. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను గానీ అప్పటికే ఆమె మొహం తిప్పుకుంది. ఆరోజు మా డబ్బాలు ఎవరివి వాళ్ల దగ్గరే ఉన్నాయి.

రెండు రోజులకు ఆమే మాట కలిపింది. పక్కన కూర్చుని ఒక్కటే అడిగింది. "నడమలో ఏమన్నా తప్పొస్తే, అది నిలబడతాదా అమ్మా?"

"గట్టిగా నిలబడుతుందక్కా. అలా నిలబడేటట్టే రాస్తున్నాను" అన్నాను.

"అట్లయితే సరే" అని నిమ్మళంగా లేచి వెళ్లిపోయింది. నేను ఆ మాట మనసులో పెట్టుకుని, ఎక్కడ ఏ తప్పు వచ్చినా స్క్రిప్టు పడిపోకుండా, దాన్ని దాటుకుని ముందుకు పోయేటట్టు ప్రతి మెట్టుకూ రక్షణ కట్టాను. ఆరువందల లైన్లయింది. అంత పొడుగు ఎందుకంటే, ఒక పని ఎంత పొడుగైతే అంత ఆలస్యమవుతుంది. అప్పుడు నాకు నేను ఆ మాట చెప్పుకోలేదు. "పని పక్కాగా ఉండాలి కదా" అని చెప్పుకున్నాను.

ఏప్రిల్‌లో అక్క కూతురికి అమ్మవారు పోసింది. అక్క ఉన్నపళంగా సెలవు పెట్టి కుప్పం వెళ్లింది. ఆ వారమే రిలీజు. సారు వాయిదా వేద్దామన్నారు. "వద్దు సార్, నా స్క్రిప్టు సిద్ధంగా ఉంది" అన్నాను. నిజంగానే సిద్ధంగా ఉంది. రిలీజు పుస్తకం పక్కన పెట్టుకుని, ఒక్కో లైను చదువుతూ అచ్చం అలాగే రాశాను. ఒక్కచోట మాత్రం కాస్త తల గోక్కున్నాను. పద్నాలుగో మెట్టు, "సర్వీసు నిలబెట్టు." పదిహేనోది, "కొత్త ఫైళ్లు పెట్టు." పదహారోది, "సర్వీసు లేపు."

సర్వీసంటే సర్వరులో ఎప్పుడూ నడుస్తూ, సెంటర్ల నుంచి వచ్చేవాటికి బదులు చెబుతుండే ప్రోగ్రాం. దాన్ని ఒకసారి నిలబెట్టి, మళ్లీ లేపడం ఏమిటి అనుకున్నాను. ఎక్కడైనా పడిపోయి ఉంటే ముందు నిలబెట్టుకోవాలి కాబోలు, ఆ తర్వాత ఎందుకైనా మంచిదని ఇంకోసారి లేపాలి కాబోలు. నంబరు రెండుసార్లు చూసే మనిషి కదా, ఆమె జాగ్రత్త అలాగే ఉంటుంది అని ముచ్చటపడ్డాను. కూతురి జ్వరంలో ఉన్న మనిషిని ఇంత చిన్నదానికి కదిలించడం ఎందుకని ఫోన్ చేయలేదు. అది సగం నిజం. అడిగితే చిన్నబోతానని చేయలేదు, అది మిగతా సగం.

పరీక్షకని ఉంచిన ఖాళీ కంప్యూటరు మీద మూడుసార్లు నడిపాను. చీమ చిటుక్కుమనలేదు. దాంట్లో సర్వీసు అన్నదే లేదని, అందుకే ఏ గొడవా రాలేదని నాకు తట్టలేదు. బుధవారం పదకొండుకు నేనూ గాజులు పైకి తోసుకుని కూర్చున్నాను. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. అక్కకు గంటన్నర పట్టేది. చివర "అంతా పూర్తయింది" అని వచ్చింది. ఆ తెర ఫోటో తీసి అక్కకు పంపాను. "నా బంగారుతల్లీ" అని తిరిగి రాసింది. నేను ఆ మధ్యాహ్నమంతా నేల మీద నడవలేదు.

సాయంత్రం అయిదింటికి మొదటి ఫోన్ నిమ్మనపల్లె నుంచి వచ్చింది. "మేడం, మిషను పలకతా లేదు. జనాలు క్యాన్లు పెట్టుకొని కూసోనుండారు." ఆ ఫోన్ పెట్టేలోపు సోమల. ఆ వెంటనే పుంగనూరు చుట్టుపక్కలవి. టెస్టింగు చూసే ఆయన ఒక ఫోనూ సారు ఒక ఫోనూ పట్టుకున్నారు. నేను సర్వరు తెరిచి చూశాను. సగం ఫైళ్లు కొత్తవి, సగం పాతవి. మార్చబోయిన ఫైలు వాడుకలో ఉందని కంప్యూటరు ఒప్పుకోలేదు. నేను కట్టిన రక్షణ వల్ల స్క్రిప్టు అదేం పట్టించుకోకుండా దాటిపోయి, అంతా పూర్తయిందని చెప్పింది.

పాతవి మళ్లీ పెట్టి చూశాను. అవీ వెళ్లడం లేదు. ఇక సిగ్గుపడి లాభం లేదని అక్కకు ఫోన్ చేశాను. వెనక పాప మూలుగు వినిపిస్తోంది. నేను గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"భయపడాకమ్మా. పాత మూట పదమూడో మెట్టులో ఎత్తిపెట్టింటావు, అది ఉండాది కదా. ముందర సర్వీసు నిలబెట్టు."

"నిలబడే ఉందక్కా."

"అట్లయితే పాత ఫైళ్లు పెట్టు."

"పెడుతున్నా. పోవడం లేదు. వాడుకలో ఉందంటోంది."

"సర్వీసు నిలబడుండాదా లేదా సరిగ్గా సూడమ్మా."

"చూశానక్కా, శుభ్రంగా నిలబడి ఉంది. చక్కగా నడుస్తోంది."

"ఏమంటివి?"

"నడుస్తోంది అన్నాను."

"నడస్తా ఉండేది నిలబడుండేది ఎట్లయితాదమ్మే?"

నా చేతిలో మౌసు అలాగే ఉండిపోయింది. "అక్కా, నిలబెట్టు అంటే... ఆపమనా?"

"మరేమనుకుంటివి? బస్సు నిలబెట్టు అంటే బస్సు ఆపేదే కదా!"

నాలుగేళ్లుగా రోజూ ఆ బస్సెక్కి దిగుతున్నాను. "ఈడ నిలబెట్టన్నా" అని రోజుకు పదిమంది అరవడం వింటూనే ఉన్నాను. బస్సులో ఆ మాట చెవికెక్కింది గానీ, కాగితం మీద చూసేసరికి నాకు మా అమ్మ మాటే గుర్తొచ్చింది. మావైపు నిలబెట్టడమంటే పడిపోయినదాన్ని లేపి నిలపడం. సర్వీసును ఆపాను. పాత ఫైళ్లు పెట్టాను. గడగడా వెళ్లిపోయాయి. లేపాను. పది నిమిషాల్లో నిమ్మనపల్లె నుంచి, "వస్తాండాది మేడం, సీటీ వస్తాండాది" అని కేక.

ఫోన్లో అక్క నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేనంత నవ్వు. "అంటే ఆ దినం నేను నడమలో నిలబడతాదా అని అడిగితే..." "అవునక్కా, నేను ఏ తప్పొచ్చినా ఆగకుండా పోయేటట్టు రాశాను." వెనక పాప కూడా ఏమైందమ్మా ఏమైందమ్మా అని అడుగుతోంది. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

ఇంటికి వెళ్తే మా అత్తగారు పొయ్యి దగ్గర పెద్ద గిన్నెలో గరిటె తిప్పుతూ ఉంది. మా ఊరి సెంటర్లోనూ మా ప్రోగ్రామే కదా. "గంటసేపు సూసి పాలు ఎనక్కి తెచ్చేసినా. మిషను ఒప్పుకోలేదంట. ఏల పారబోసేదని కోవా సేస్తాండా" అంది. నావల్లే అత్తా అని చెప్పాను. ఆమె గరిటె ఆపి నా మొహం చూసింది. "నువ్వు సెడగొట్టిందానికి నువ్వే తిప్పు" అని గరిటె నా చేతికిచ్చింది. ఆ వారం మా వీధి అంతా కోవా తిన్నది. ఆమె నన్ను ఇంకొక్క మాట అనలేదు గానీ, ఇంటికెవరొచ్చినా "మా కోడలు సేసిన కోవా" అని చెప్పి పెట్టేది, దాని కథ కూడా.

మర్నాడు సారు పిలిచి మెల్లగానే చెప్పారు. "ఇంక ఆ స్క్రిప్టు మాట వద్దు. ఆమె వచ్చి ఆమే చేసుకుంటుంది." నేను తలూపి బయటికొచ్చాను. మెట్లు దిగుతుంటే నాకు ఒళ్లు తేలికైనట్టనిపించింది. అక్క పోదు. శనివారం బస్సు అలాగే ఉంటుంది. సగం మెట్ల మీద ఆగిపోయాను. ఫోన్లో విన్న పాప మూలుగు గుర్తొచ్చింది. ఒంటినిండా పొక్కులతో ఉన్న ఆ పిల్ల, అమ్మ ఎన్ని రోజులుంటుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. నేనేమో ఇక్కడ సంబరపడుతున్నాను. నా మీద నాకే అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. అక్కణ్నుంచే వెనక్కి ఎక్కి, "సార్, మే నెలాఖరు దాకా టైమివ్వండి. ఈసారి అక్కతో కలిసి రాస్తాను" అన్నాను. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నారు. చివరకు, "ఇంకొక్క తూరి. అంతే" అన్నారు.

అక్క సోమవారం వచ్చింది. డబ్బాలు తెరిచాక నేను మొత్తం ఒప్పుకున్నాను. పట్టికకు రంగులు వేయడం, ఆరువందల లైన్లు, ఫోన్ చేయకపోవడం, మొన్న ఆఫీసు మెట్ల మీద పడిన సంతోషం, ఏదీ దాచలేదు. "నువ్వు వెళ్లిపోతావని ఆలస్యం చేశానక్కా. కావాలని కాదు. కావాలనేనేమో కూడా."

ఆమె నా డబ్బాలోంచి ఒక వంకాయ ముక్క తీసుకుంది. "నాకి తెలుసు. గడులకి రంగులేసే దినమే తెలుసు. నీకి మాత్రమే బెంగుంటాదా? ఆ పుస్తకంలో నాలుగు మెట్లు నేనూ రాయకుండా పెట్టుకోనుండా. ఎవరడిగినా ఇయ్యలేదు. అవి నా తలకాయలోనే ఉండాయి." ఇద్దరం ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వాం.

ఆ మధ్యాహ్నమే మొదటినుంచి మొదలుపెట్టాం. నా ఆరువందల లైన్లు తీసి పారేశాను, ప్రాణం ఉసూరుమన్నా సరే. పైథాన్ కోసం సర్వరులో కొత్తగా ఏవేవో ఎక్కించాలి, దానికి పాల కంపెనీ అనుమతి కావాలి. బ్యాచ్ ఫైలు అందరికీ తెలిసినదే గానీ, తప్పొచ్చినా మనం పనిగట్టుకుని చెబితే తప్ప ఆగదు. పవర్‌షెల్ సర్వరులో ఎప్పటినుంచో కూర్చునే ఉంది, మొదట ఒక్క లైను రాస్తే చాలు, తప్పు రాగానే ఆగిపోతుంది, బ్యాచీ తెలిసినవాళ్లు కాస్త నేర్చుకుంటే చదవగలరు. నా పట్టికలో ఈ గళ్లు లేనే లేవు. ఉన్నదేదో ముందు వాడుకోవడం, తప్పొస్తే ఆగడం, టెస్టింగు ఆయప్ప చదవగలగడం. ఈ మూడే అసలు ప్రశ్నలు. అక్క మొదటిరోజే అడిగింది, ఆమె మాటల్లో.

మెట్లు ఆమె చెబుతుంటే నేను రాశాను. ప్రతి మెట్టుకూ తెర మీద ఒక మాట కనిపించాలని ఆమె పట్టు. స్క్రిప్టు నడిచే ఆ నల్ల తెరలో తెలుగు అక్షరాలు పెడితే అన్నీ ప్రశ్న గుర్తులై వచ్చాయి. సరేనని ఫోన్లో మెసేజీలు కొట్టుకున్నట్టు తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాం. "సర్వీసు నిలబెడతాండా. నిలబడిందా? సూస్తాండా. నిలబడింది." నిలబడకపోతే, "నిలబడలేదు. ఇంగ నేను ముందుకి పోను" అని వస్తుంది. నేను మర్యాదకు "దయచేసి వేచి ఉండండి" అని పెడితే ఆమె కొట్టేయించి "రవ్వంత ఉండు" అని పెట్టించింది. రాయకుండా దాచిన నాలుగు మెట్లూ ఒక్కొక్కటే బయటికి తీసింది. నాలుగోది చెప్పడానికి రెండు రోజులు పట్టింది. అది కష్టమైనదేం కాదు. అది చెప్పేస్తే ఇంక ఆమె దగ్గర ఏమీ మిగలదు, అంతే.

మే నెలలో రెండు రిలీజులు ఆమె కళ్లముందే స్క్రిప్టే నడిపింది. మొదటిదానికి ఆమె తన చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చుంది, ఎక్కడ కీబోర్డు మీదికి పోతాయోనని. ఒకచోట స్క్రిప్టు ముందుకు పోనని ఆగిపోయింది. కారణం చూసి సరిచేసి మళ్లీ నడిపాం. సరిగ్గా ఆగినందుకు అక్క దాన్ని మెచ్చుకుంది, మనిషిని మెచ్చుకున్నట్టే. రెండోదాన్ని టెస్టింగు ఆయన చేత చేయించాం. సగంలో చూస్తే అక్క కుర్చీలో లేదు. కిందికి పోయి చెరుకురసం తాగుతోంది. సారు కిటికీలోంచి ఆమెను చూశారు. ఆరోజే సరేనన్నారు.

జూన్ మొదటి శనివారం ఆఖరిసారి ఒకే బస్సులో వెళ్లాం. ఆమె పెట్టె, చాప, బకెట్టు మా కాళ్ల దగ్గర. పుంగనూరులో నేను దిగేశాక, నా టిఫిను డబ్బా సీటు మీదే ఉండిపోయిందని చూసి, కిటికీలోంచి తల బయటపెట్టి "నిలబెట్టన్నా, నిలబెట్టు!" అని అరిచింది. బస్సు ఆగింది. డబ్బా అందిస్తూ, "ఇప్పుడర్థమైందా?" అంది. నవ్వుతూనే ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రిలీజు దినం ఏ ఇబ్బందీ లేకపోతే ఫోన్ చేయనని నా దగ్గర మాట తీసుకుంది. "నువ్వు సేస్తే నాకి గుండె దడ. నేనే సేసి అడుగుతాలే."

ఆమె లేని మొదటి రిలీజు ఆ తర్వాతి బుధవారం. పదకొండుకు మొదలై పదకొండున్నరకు అయిపోయింది. ఎక్కడా ఆగలేదు. నిజం చెబుతున్నాను, ఎక్కడైనా కాస్త ఆగితే బాగుండుననుకున్నాను. ఫోన్ చేయడానికి సాకు దొరికేది. పన్నెండయింది, అక్క అడుగుతుందని చూశాను. ఒంటిగంటకు ఒక్కదాన్నే డబ్బా తెరిచాను. మూడయింది. తొమ్మిదేళ్లు ఈ గంటలన్నీ కాపలా కాసిన మనిషి, ఇప్పుడు పక్కనే ఫోన్ పెట్టుకుని గోళ్లు కొరుక్కుంటూ ఉంటుందనుకున్నాను. పాపం, నన్ను కంగారుపెట్టకూడదని ఓపిక పట్టిందనుకున్నాను. అయిదింటికి సెంటర్లన్నీ చీటీలు తీశాయి. అయినా ఫోన్ లేదు.

బస్సులో పుంగనూరు దగ్గరపడుతుండగా మోగింది. ఎత్తగానే, "అమ్మా, దోసావకాయలో ఆవపొడి ముందర ఏస్తావా, నూనె ముందరా? పాప బడి నుంచి వచ్చి దోసకాయలు తరుగుతా కూసోనుండాది, నేను సెప్పలేకపోతాండా" అంది.

చెప్పాను. ఉప్పు ఎంతో కూడా చెప్పాను. ఆమె పక్కకు తిరిగి పాపకు చెప్పడం, పాప "అంతేనా?" అనడం వినిపించాయి. ఇంకేమైనా అడుగుతుందని ఆగాను. అడగలేదు.

"రిలీజు ఎలా అయిందని అడగవేంటక్కా?"

"ఏం రిలీజు?" అంది. అంతలోనే, "అయ్యో దేవుడా! ఈ దినం బుధవారమా? మర్సేపోయినానమ్మా. పూర్తిగా మర్సేపోయినా సూడు."

బస్సు నిండా జనం, నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఏమ్మా, ఏడస్తాండావా? తప్పేమన్నా వచ్చిందా?"

"లేదక్కా. అంతా బాగా అయింది" అన్నాను. "చాలా బాగా అయింది."